తోడల్లుడి పాస్‌వర్డ్

ఆ శనివారం ఉదయం చేయవలసిన పనులు రెండే. భార్య ప్రింటింగ్ షాపుకు వెళ్ళి తన డ్రాయింగులు పెద్ద కాగితాల మీద అచ్చు వేయించుకుని వస్తుంది. భర్త ఇంట్లో ఉండి, ఆమె కుర్చీ వెనక గోడకున్న క్యాలెండరు తీసేసి, మేకు కనబడకుండా ఏదైనా పటం తగిలిస్తాడు. పదకొండింటికి ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, ఊరి చివర కట్టబోయే పిల్లల గ్రంథాలయం ఎలా ఉండాలో తెర మీద కమిటీ వాళ్ళకు చూపిస్తుంది.

ఏళ్ళ తరబడి ఇంకొకరి ఆఫీసులో కూర్చుని, ఇంకొకరి సంతకం కింద ఇళ్ళ ప్లానులు గీసిన మనిషి ఆమె. తన పేరుతో వచ్చిన మొదటి పని ఇది. కమిటీ పెద్ద ముందే చెప్పాడు, పదకొండింటికి ఆమె తెర మీద కనబడకపోతే తరువాతి మనిషిని పిలుస్తామని.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆమె వెనక్కి తిరిగింది.

"ఏమండీ, కంప్యూటరు జోలికి మాత్రం వెళ్ళకండి. అప్‌డేట్ చెయ్యమని ఏదో అడుగుతోంది. అడగనివ్వండి."

"అడిగితే చెయ్యొచ్చుగా?"

"వద్దు. మరిదిగారు రేపొచ్చి చూస్తానన్నారు."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ చివరి మాట మాత్రం వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి అతన్ని చూసి నవ్వింది.

ఆ భర్త తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. దుకాణాల్లో త్రాసులు పరీక్షించి, సరిగ్గా ఉన్నవాటికి ముద్ర వేస్తాడు. లేనివాటిని మూల పెట్టిస్తాడు. అరగ్రాము తేడా వచ్చినా ఒప్పుకోడు కనుక ఆఫీసులో అతని పేరు అరగ్రాము. ఆ పేరు తనకు తెలియదని అందరూ అనుకుంటున్నారని అతనికి తెలుసు. లోకంలో దేన్నయినా నిదానంగా తూచగలిగిన అరగ్రాముకు ఒక్క మనిషి దగ్గర మాత్రం ముల్లు నిలబడేది కాదు. ఆ మనిషి తోడల్లుడు.

తోడల్లుడు పళ్ళ డాక్టరు. తళతళలాడే పళ్ళతో నవ్వుతాడు. అది వృత్తికి అవసరం అనుకుని సరిపెట్టుకోవచ్చు. కానీ అతనికి కంప్యూటర్లు కూడా వచ్చు. అత్తగారి ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి పెట్టాడు. ఆవిడ టీవీలో మాయమైన చానళ్ళను వెనక్కి రప్పించాడు. ఈ ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించిన రోజు అరగ్రాము పనిమీద పొరుగూరిలో ఉంటే, తన పేరు మీదే కనెక్షను తీసుకుని, పాస్‌వర్డ్ పెట్టించి, వైర్లు గోడ వెంట చక్కగా నడిపించి పోయింది కూడా అతనే. అరగ్రాము అత్తగారికి చేసిన సాంకేతిక సేవ ఒక్కటే. ఆవిడ వంటింటి త్రాసు ఇరవై గ్రాములు తప్పు చూపిస్తోందని రుజువు చేశాడు. ఆవిడ ఇప్పటికీ ఆ త్రాసునే నమ్ముతోంది.

అతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద చిన్న పెట్టె లేచింది. ఇప్పుడే అప్‌డేట్ చేయమంటారా, తరువాత చేయమంటారా అని మర్యాదగా అడిగింది. ఇంటి విషయంలో అతని అభిప్రాయం కోరిన వస్తువు ఆ మధ్యకాలంలో అదొక్కటే. ఇప్పుడే అని నొక్కాడు.

తెర నీలంగా మారింది. అంకెలు నెమ్మదిగా పెరిగాయి. ఈలోగా క్యాలెండరు తీసి, ఆ మేకుకు పడవల పటం తగిలించాడు. తిరిగి వచ్చేసరికి పని పూర్తయిందని కంప్యూటరు చెబుతోంది.

"దీనికో డాక్టరు, ఆదివారం ముహూర్తం," అని అతను గదిలో ఎవరూ లేకపోయినా పైకే అన్నాడు.

అప్పుడు తెర అడుగున, మూలగా, ఇంటర్నెట్ గుర్తు మీద ఒక చిన్న అడ్డగీత కనబడింది.

అతని ఫోనులో ఇంటి నెట్ వస్తోంది. అంటే గోడకున్న బాక్సు బాగానే ఉంది. కంప్యూటరే అప్‌డేట్ కాగానే పాత పరిచయాలన్నీ మరిచిపోయి, మళ్ళీ పాస్‌వర్డ్ చెప్పమంటోంది. అది అతనికి తెలియదు. భార్యను అడిగితే ఎందుకంటుంది. తోడల్లుణ్ణి అడిగితే ఎందుకని కూడా అనడు, నవ్వుతాడు. అదే పెద్ద కష్టం.

సరే, మనిషి పెట్టిన మాటే కదా, మనిషి బుర్రకు తట్టకపోతుందా అనుకున్నాడు. భార్య పుట్టినరోజు కొట్టాడు. కాదంది. పెళ్ళిరోజు కొట్టాడు. కాదంది. ఇంటి నంబరు, భార్య ముద్దుపేరు, తన స్కూటరు నంబరు ఒక్కొక్కటే కాదనిపించుకున్నాయి. ఇక పళ్ళు కొరుకుతూ తోడల్లుడి ఇంటిపేరు కొట్టాడు. అదీ కాదు. ఆసుపత్రి పేరు కొట్టాడు. అదీ కాదు. నెట్ రాలేదన్న బాధకంటే, తన ఇంటి గాలిలో ఆ పేరు తిరగటం లేదన్న తృప్తే ఎక్కువ కలిగింది.

ఆ తృప్తిలోనే ఒక ఆలోచన వచ్చింది. అసలు ఆ మనిషి పెట్టిన పాస్‌వర్డ్ ఈ ఇంట్లో ఎందుకు? బాక్సు వెనక చిన్న రంధ్రం ఉంది. అందులో పిన్నుతో గుచ్చితే పాతదంతా చెరిగిపోతుందని ఆఫీసులో ఎవరో అనగా విన్నాడు. పాతది చెరిగిపోతే కొత్తది తనే పెడతాడు. భార్య తలపిన్ను తెచ్చాడు. గుచ్చాడు. ఇన్నాళ్ళ కసి కూడా కలిపి కాస్త గట్టిగానే గుచ్చాడు.

బాక్సు మీద పచ్చదీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. కొంచెంసేపు ఆగి ఎర్రదీపం ఒకటి వెలిగింది. ఫోనులో ఉన్న నెట్ కూడా పోయింది.

పాతదంతా చెరిగిపోయింది. ఆ మాట నిజమే. పాతదానిలో ఇంటర్నెట్ కూడా ఒకటని ఆఫీసులో ఎవరూ చెప్పలేదు.

తలుపు దబదబ మోగింది. పైవాటా టైలరమ్మ మెడలో టేపుతో, చేతిలో సగం కుట్టిన చొక్కాతో నిలబడి ఉంది.

"ఏం బాబూ, నెట్ పోయిందేం? ముప్పైమంది ఆడపిల్లలు నా నెట్ క్లాసులో కాలరు కుట్టడం చూస్తున్నారు. మెడ దగ్గరికొచ్చాక ఆగిపోయింది."

"మీకు మా నెట్ వస్తుందా?"

"మీ ఆవిడ ఇచ్చిందిగా. నెలనెలా నా వంతు కడుతున్నాను. పైదాకా అందట్లేదంటే, ఆమే స్టూలెక్కి ఆ బాక్సు జరిపి, ఏదో మార్చి, పైకి రప్పించింది."

"మా ఆవిడ కాదండీ, మా తోడల్లుడు. అవన్నీ ఆయన చూస్తాడు."

"స్టూలు పట్టుకున్నది నేనే బాబూ," అంది టైలరమ్మ. ఆ మాట అతను వినిపించుకోలేదు. వినిపించుకుని ఉంటే కథ అక్కడే ముగిసేది.

టైలరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. నెట్ వచ్చేదాకా కదలనని కుట్టు మొదలుపెట్టింది. అరగ్రాము ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేశాడు. రికార్డు చేసిన గొంతు ఒకటి తీయగా పలికింది. కనెక్షను ఎవరి పేరు మీద ఉందో వారి పుట్టినతేదీ నొక్కమంది. తనది నొక్కాడు. తప్పంది. భార్యది నొక్కాడు. తప్పంది. కనెక్షను ఎవరి పేరు మీద ఉందో అతనికి అప్పుడు గుర్తుకొచ్చింది. నోట్లో చేదుగా తగిలింది.

తోడల్లుడి పుట్టినతేదీ ఎవరికి తెలుస్తుంది? అత్తగారికి.

"అత్తయ్యగారూ, చిన్న సంగతి. చిన్నల్లుడి పుట్టినరోజు ఎప్పుడండీ? సంవత్సరంతో సహా."

అవతల ఫోను చెవి మార్చుకుంటున్న చప్పుడు.

"మీరేనా బాబూ మాట్లాడేది?"

"నేనేనండీ."

"చిన్నబ్బాయి పుట్టినరోజు మీరు అడుగుతున్నారా? ఆయనేమో ఫోనులో ఫొటోలు సర్దిపెట్టాడని చెబితేనే ముఖం ముడుచుకునే మీరు?" ఆవిడ గొంతు మెత్తబడింది. "ఏమిటి సంగతి? ఏమైనా తలపెట్టారా?"

"అదేం లేదండీ. ఊరికే... మనసులో ఉంచుకుందామని."

ఆవిడ తేదీ చెప్పింది. సంవత్సరం చెప్పింది. పుట్టిన సమయం, అప్పుడు పడుతున్న వాన కూడా చెప్పింది. ఫోను పెట్టేసిన మరుక్షణం చిన్నకూతురికి చేసి, బావ మీ ఆయన కోసం ఏదో పెద్దది తలపెట్టాడు, గొంతు కూడా వణికింది అని చెప్పింది. చిన్నకూతురు భర్తకు చేసి, బావ నీ పేరు తలుచుకుని కంటతడి పెట్టుకున్నాడట అని చెప్పింది. పళ్ళ డాక్టరు ఆ సమయంలో ఒక పేషెంటుకు దవడ మొద్దుబారే సూది వేసి, మందు పట్టేదాకా ఆగుతున్నాడు. ఆగలేకపోయాడు. వైద్యుడికైనా మనసుంటుంది. పది నిమిషాల్లో వస్తానని చెప్పి కారెక్కాడు.

ఇదేమీ తెలియని అరగ్రాము ఈసారి సరైన తేదీ నొక్కాడు. అవతల ఒక ఆడపిల్ల పలికింది.

"నమస్కారం డాక్టరుగారూ. మీ కనెక్షనేనా అండీ?"

అరగ్రాము టైలరమ్మ వైపు చూశాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. గోడ గడియారం వైపు చూశాడు. పది దాటింది.

"అవునమ్మా, నాదే."

"బాక్సు మొత్తం చెరిపేసినట్టున్నారే."

"అవునమ్మా. పిల్లలు." ఆ ఇంట్లో పిల్లలు లేరు. టైలరమ్మ తలెత్తింది.

"పర్లేదండీ, ఇక్కడినుంచి మళ్ళీ పెడతాను. కొంచెం టైం పడుతుంది." టకటక మీటల చప్పుడు. "డాక్టరుగారూ, ఏమీ అనుకోకపోతే ఒక్కమాట. ఇక్కడ తెర మీద పళ్ళ డాక్టరని ఉంది. నాకు కింది దవడ చివరి పన్ను రెండు రోజులుగా సలుపుతోందండీ. చల్లనిది తగిలితే ప్రాణం పోతోంది."

ఇంటర్నెట్ ఆ పిల్ల చేతిలో ఉంది. పన్ను ఆ పిల్ల నోట్లో ఉంది. అరగ్రాము గొంతు సర్దుకున్నాడు.

"ఎటువైపమ్మా?"

"ఎడమవైపు."

"అయితే కుడివైపు నమలాలి."

"నములుతూనే ఉన్నానండీ. పీకెయ్యాలంటారా?"

"పీకడానికి తొందరేముంది. ముందు... ముందు ఎంత ఊగుతోందో కొలవాలి."

"ఊగట్లేదండీ."

"ఊగకపోయినా కొలవాలి. అరమిల్లీమీటరు తేడా కూడా వదలకూడదు. పాతికేళ్ళ అనుభవంతో చెబుతున్నాను. నేను పళ్ళ డాక్టర్నమ్మా, నా మాట విను."

అలా అని తల తిప్పాడు. తలుపు తీసే ఉంది. గుమ్మంలో, తెల్లకోటుతో, చేతిలో పూలగుత్తితో, అసలు పళ్ళ డాక్టరు నిలబడి ఉన్నాడు.

 టైలరమ్మ దారం బిగించడం ఆపింది.

పళ్ళ డాక్టరు మెల్లగా లోపలికి వచ్చి, పూలు బల్ల మీద పెట్టి, చాలా తక్కువ గొంతుతో, "ఏ పన్నట అన్నయ్యా?" అన్నాడు.

"కింది దవడ. చివరిది. చల్లనిది పడట్లేదట."

"పుచ్చు లోపలిదాకా వెళ్ళుంటుంది. పీకనక్కర్లేదు. సోమవారం లోపల ఎవరికైనా చూపించుకోమనండి."

అరగ్రాము ఆ మాటలే ఫోనులోకి అన్నాడు. ఆ పిల్ల థాంక్స్ చెప్పింది. తన వంతు పని పూర్తయిందని, రేపు ఈ పాటికి నెట్ వచ్చేస్తుందని చెప్పి పెట్టేసింది.

"రేపా?" అన్నాడు అరగ్రాము ఆగిపోయిన ఫోనుతో.

ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. అప్‌డేట్ నొక్కిన దగ్గరనుంచి పిన్ను గుచ్చిన దాకా అంతా చెప్పాడు. పుట్టినతేదీ ఎందుకు అడిగాడో చెప్పేటప్పుడు మాత్రం పూలవైపు చూడలేదు.

"నా పుట్టినరోజుకు ఇంకా నాలుగు నెలలుంది కదా, ఇప్పుడెందుకా అని దారంతా అనుకుంటూనే వచ్చాను," అన్నాడు తోడల్లుడు.

"డాక్టరుగారూ, ఆ సంగతి పోనివ్వండి. పదకొండింటికి ఆమె పని. మీకు తెలుసుగా ఇవన్నీ. కూర్చోండి." ఆ చివరి మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో బాక్సు మీది ఎర్రదీపానికే తెలియాలి.

తోడల్లుడు కూర్చున్నాడు. కంప్యూటరును కుడినుంచి చూశాడు. ఎడమనుంచి చూశాడు. తెర మీద గోటితో రెండుసార్లు తట్టాడు, పుచ్చుపన్నును తట్టినట్టు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఒక్క నిమిషం అన్నయ్యా. సిగ్నలు చూసొస్తాను," అని ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

అరగ్రాముకు అనుమానం వచ్చింది. ఎవరో గురువు ఉన్నాడు. ఈ పెద్దమనిషి వెనక అసలు పనిమంతుడు వేరే ఉన్నాడు. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి బాల్కనీ తలుపుకు చెవి ఆనించాడు.

"ఎత్తండి, ఎత్తండి... ప్రాణం మీదికొచ్చింది, ఎత్తండి," అంటోంది అవతలి గొంతు.

అదే క్షణాన అరగ్రాము వెనక, వీధి గుమ్మంలో, ఒక ఫోను మోగింది.

తిరిగి చూశాడు. చంకలో కాగితాల చుట్టలతో భార్య నిలబడి ఉంది. ఆమె సంచిలో ఫోను మోగుతోంది. బాల్కనీలో తోడల్లుడు విసుగ్గా ఫోను ఆపేశాడు. సంచిలో మోత ఆగింది. తోడల్లుడు మళ్ళీ చేశాడు. సంచి మళ్ళీ మోగింది.

తూనికల శాఖలో ఉద్యోగం కనుక అరగ్రాము మూడోసారి కూడా చూసి నిర్ధారించుకున్నాడు.

ఆమె గదంతా ఒకసారి కలియజూసింది. ఎర్రదీపం. తన తలపిన్ను. పూలు. కుర్చీలో టైలరమ్మ. మేకు మీద వంకరగా పడవలు.

"ఎవరు నొక్కారు?" అంది. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. "అందరూ వంటింట్లోకి."

తన ఫోనులో ఏదో తాకింది, కంప్యూటరులో ఏదో తాకింది. ఫోనులో సిమ్ కార్డు మీద వచ్చే నెట్ కంప్యూటరులోకి వచ్చేసింది. హాట్‌స్పాట్ అంటారట. పడవలను సరిచేసి, జుట్టు సర్దుకుని, జడలో పెన్సిలు దోపుకుని కూర్చునేసరికి గడియారంలో పెద్దముల్లు పన్నెండు మీదికి వచ్చింది. "నమస్కారమండీ, నా గొంతు వినబడుతోందా?" అన్న ఆమె మాట వంటింట్లోకి వినబడింది.

వంటింట్లో ముగ్గురూ గుసగుసలాడుకోవలసి వచ్చింది.

"హాట్‌స్పాట్ మీకు తెలియదా?" అన్నాడు అరగ్రాము.

"వదిన ఇంకా అక్కడిదాకా నేర్పలేదన్నయ్యా."

"నేర్పడమేమిటి?"

"పెళ్ళైన కొత్తలో అత్తయ్యగారికి నేనంటే చిన్నచూపు. పళ్ళ డాక్టరు కూడా డాక్టరేనా అనేవారు. మా ఆవిడ రోజూ ఏడ్చేది. అప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆలోచించి ఈ ఉపాయం పన్నారు. అత్తయ్యగారి ఫోనైనా టీవీ అయినా వదిన ఫోనులో చెబుతుంది, నేను నొక్కుతాను. ఇక్కడ నెట్ పెట్టించిన రోజు కూడా నేను సంతకం పెట్టి వైరు పట్టుకుని నిలబడ్డానంతే. నా చెవిలో ఇయర్‌ఫోను ఎప్పుడైనా గమనించారా?"

అరగ్రాము గమనించాడు. పాటలు వింటూ పనిచేసేంత నైపుణ్యం అనుకుని ఒక రాత్రంతా కుళ్ళుకున్నాడు కూడా.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు అబద్ధం చెప్పడం రాదుగా. అత్తయ్యగారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తారని భయం. బావ నోట ఒక్క అబద్ధం రాదని మా ఆవిడ రోజూ నన్ను దెప్పుతూనే ఉంటుంది. నిజం చెప్పాలంటే అన్నయ్యా, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది."

"పొద్దున్నుంచి నాలుగబద్ధాలు ఆడారు బాబూ," అంది టైలరమ్మ కుట్టు మీదనుంచి తలెత్తకుండా. "నేను లెక్కపెట్టాను."

"ఇంతకీ ఆ పాస్‌వర్డ్ ఏమిటి?" అన్నాడు అరగ్రాము.

తోడల్లుడు నేల చూపులు చూశాడు. చెప్పింది టైలరమ్మే.

"అరగ్రాము. రోజూ కొడుతున్నానుగా. నన్నడిగితే చెప్పేదాన్ని. ఏ గ్రామమో మరి, మీ ఆవిడ చెప్పినప్పుడు నవ్వు ఆపుకోలేకపోయింది."

అరగ్రాము ఆ పేరు జీవితంలో మొదటిసారి ఎదుటపడి విన్నాడు. గ్లాసులో మంచినీళ్ళు పోసుకుని తాగాడు. మళ్ళీ గ్లాసు నింపి, "తమ్ముడూ, నువ్వు కూడా తాగుతావా?" అన్నాడు. అతన్ని తమ్ముడూ అని పిలవడం కూడా అదే మొదటిసారి.

తోడల్లుడు గ్లాసు అందుకోబోయి చటుక్కున ఆగిపోయాడు. "అయ్యో, సూది," అని తెల్లకోటు ఎగిరేలా మెట్లు దిగి పరుగెత్తాడు. ఆసుపత్రి కుర్చీలో ఒక మనిషి సగం దవడ లేనట్టుగా ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు.

గదిలో మాటలు ఆగాయి. భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జడలో పెన్సిలు అలాగే ఉంది.

"పని నాకే ఇచ్చారు. వచ్చే నెలలో మొదలుపెట్టమన్నారు," అంది. తరువాత అతని వైపు చూసి, "నేను వద్దంటే ఎందుకని వాదనకు దిగుతారు. మరిదిగారి పేరు చెబితే ఊరుకుంటారనుకున్నాను," అంది.

"ఆయన పేరు చెప్పావనే నొక్కాను."

ఆమెకు నవ్వాలో కోప్పడాలో తేలలేదు. ఈలోగా అతని ఫోను మోగింది. అత్తగారు.

"బాబూ, చిన్నమ్మాయి చెప్పింది. అక్కడ కంప్యూటరు పాడైతే చిన్నబ్బాయి పేషెంటును వదిలేసి పరుగెత్తుకొచ్చి బాగు చేశాడటగా? నిజమేనా? ఈ ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పేది మీరొక్కరే, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

గుమ్మంలో భార్య జడలోని పెన్సిలు తీసి చేతిలో గట్టిగా పట్టుకుంది. టైలరమ్మ సూది గాలిలో ఆగింది. అరగ్రాము నాలుక మీద ఆ మాటను ఒకసారి పైకెత్తి, బరువు చూసుకున్నాడు.

"నిజమేనండీ. ఆయనే చేశాడు."

"చూశారా మరి. ఆ త్రాసులు పట్టుకుని తిరిగే బదులు మీరూ కాస్త ఆయన దగ్గర నేర్చుకోకూడదూ?"

"అలాగేనండీ," అన్నాడు అరగ్రాము.

పాతికేళ్ళ ఉద్యోగంలో తప్పుడు తూకానికి అతను ముద్ర వేయడం అదే మొదలు.